ఉగ్గుగిన్నెలో కలబంద

మొన్న మా తమ్ముడు గోపి వచ్చాడు. వస్తూ వస్తూ పళ్లూ ఫలహారాలూ కాదు, ఇంత పొడుగు ఆకుపచ్చ సీసా ఒకటి తెచ్చి నా మంచం పక్కన స్టూలు మీద పెట్టాడు. సీసా మీద కలబంద మొక్క బొమ్మ, మంచు బిందువులతో సహా. "అక్కా, పరగడుపున రెండు మూతలు గోరువెచ్చని నీళ్లలో కలుపుకుని తాగు. నెల తిరక్కుండా నీ మోకాళ్లు నీ మాట వింటాయి" అన్నాడు. వాడు రోజూ తాగుతున్నాడట. వాడి భార్యా తాగుతోందట. పార్కులో వాడితో పాటు నడిచేవాళ్లంతా తాగుతున్నారట. చెబుతూనే మూత తీసి, అక్కడికక్కడే గొంతులో ఇంత ఒంపుకుని, పెదాలు తుడుచుకున్నాడు. డెబ్బై దాటినదాన్ని, పురుళ్లు చూశాను, పుళ్లు చూశాను, మంచాన పడ్డవాళ్లకి అన్నీ ఎత్తిపోశాను, దేనికీ ముక్కు మూసుకోలేదు. అలాంటిదాన్ని వాడు ఆ నీళ్లు మింగుతుంటే చూడలేక కిటికీ వైపు తిరిగాను. వాడు నవ్వి, "నీకు చిన్నప్పట్నుంచీ ఇది పడదు కదూ" అన్నాడు. పడకపోవడానికి కారణం వాడేనని వాడికి తెలీదు. ఎవరూ వాడికి చెప్పలేదు. చెప్పొద్దని అమ్మ ఏనాడూ అనలేదు కానీ, అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ మాట ఎత్తడానికి మాకెవరికీ నోరు రాలేదు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకి మారినప్పుడు దానితో పాటు మేమూ మారాం. నాన్న సర్కారు గుమాస్తా. ఫైళ్లు ఎటుపోతే గుమాస్తాలు అటు. మా అసలు ఊరు బాపట్ల దగ్గర. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఎప్పటిదో ఒక పాత దేవిడీని, నవాబుల నాటి లోగిలిని, ముక్కలు చేసి కిరాయికిచ్చేవారు, అందులో రెండు గదులు మాకు దొరికాయి. గోడలు బారెడు మందం, పైన సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలేది, వాకిట్లో అందరికీ కలిపి ఒక్క పంపు. రైలు కూతకి గిన్నెలు గలగలమనేవి, బొగ్గు మసి ఆరేసిన బట్టల మీద వాలేది. ఆ ప్రయాణంలో మా సామాన్లలో ఇత్తడి బిందె ఒకటి పోయింది, నా పలక పోయింది, నాన్న పెళ్లినాటి పట్టు ఉత్తరీయం పోయింది. నాయనమ్మ గోనెపట్టాలో చుట్టి ఒళ్లో పెట్టుకుని తెచ్చిన కలబంద మాత్రం పోలేదు. పోతే ఎంత బాగుండేదో.

నాయనమ్మకి వైద్యం తెలుసు. అంటే కలబంద తెలుసు. ఆవిడ దృష్టిలో ఆ రెండూ ఒకటే. డాల్డా డబ్బాలకి మేకుతో అడుగున బెజ్జాలు కొట్టి, నల్లమట్టి వెయ్యకుండా, ఇటుక ముక్కలూ, ఆ దేవిడీ గోడల నుంచి రాలిన పాత సున్నమూ, పొయ్యిలో బూడిదా కలిపి నింపేది. "దీనికి నీళ్లంటే పగ. నోరు తడిపితే చాలు, కడుపు నింపితే చస్తుంది" అనేది. వానాకాలం రాగానే డబ్బాలన్నీ చూరు కిందికి జరపడం నా పని. జరపడం మరిచిపోతే మొదలు కుళ్లి, మట్ట పట్టుకుంటే చేతిలోకి ఊడివచ్చేది. ఆ కుళ్లు వాసన చెబితే తెలిసేది కాదు. పిలకలు పుట్టాక తల్లి నుంచి వేరుచేసి, వెంటనే నాటకుండా, కోసిన చోట గాయం ఆరేదాకా నీడన పడేసేది. నాటే మంచి మొక్కలు పోగా, ఒకదాన్ని వేళ్లతో సహా పీకి, తలకిందులుగా గుమ్మానికి వేలాడదీసేది, దిష్టి తగలకుండా. మట్టీ నీళ్లూ లేకుండా అది నెలల తరబడి బతికేది. వేళ్లు పైకి, మట్టలు కిందికి, ఈకలు పీకిన కోడిలా గాలికి తిరుగుతూ ఉండేది. బడికి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ దాని కొస నా నడినెత్తికి రాసుకునేది. నేను వంగి దాటేదాన్ని.

ఇక ఆ ఇంట్లో కలబంద పడని అవయవం లేదు. కళ్లు ఎర్రబడితే గుజ్జు గుడ్డలో మూటగట్టి కళ్ల మీద వేసేది, అది కరిగి చెంపల మీదుగా చెవుల్లోకి పోయేది. సెగ్గడ్డ లేస్తే మట్టని నిప్పుల మీద వెచ్చజేసి, చీల్చి, పసుపద్ది కట్టేది. దగ్గొస్తే కాల్చిన మట్ట పిండి, ఆ రసంలో తేనె. చుండ్రుకి తలనిండా గుజ్జు. చెయ్యి కాలితే గుజ్జు. ఆ ఒక్క కాలిన చేతి విషయంలో మాత్రం నేను అబద్ధమాడను, చల్లగా ఉండేది, బొబ్బ లేచేది కాదు. ఇవన్నీ ఒక ఎత్తు, ఆదివారం పరగడుపు ఒక్కటీ ఒక ఎత్తు. మట్టని అంచుల ముళ్లు తీసి, నిలువునా చీరి, లోపలి గుజ్జు చెంచాతో గీకి, కడిగీ కడిగీ మజ్జిగలో వేసి ఇచ్చేది. ఎంత కడిగినా ఆ జిగట పోయేది కాదు. గ్లాసు ఎత్తితే పెదవికీ గ్లాసుకీ మధ్య తీగ సాగేది, జలుబు చేసిన పిల్లాడి ముక్కు నుంచి సాగినట్టు. మింగితే గొంతులో ఒక ముద్ద తనంతట తాను జారేది, మన ప్రమేయం లేకుండా. నేను కక్కితే, కక్కినదానికి బదులు మరో గ్లాసు.

నాయనమ్మ వైద్యానికి ఒక కట్టుబాటుండేది. పూతమందులు వంటింటి గూట్లో, లోపలికి పుచ్చుకునే మందులు దేవుడి పక్క అలమరలో. గూట్లోవి అలమరలోకి రాకూడదు, అలమరలోవి గూట్లోకి పోకూడదు. పూతమందు ఒంటికి, లోపలిమందు కడుపుకి. ఇది ఆవిడ అత్తగారు నేర్పిన పాఠమట. ఆవిడకి వేదం. కలబంద మట్ట కోయగానే అడుగు నుంచి పచ్చని సొన కారుతుంది, మహా చేదు, మహా కంపు. రోజూ అయితే మట్టని గిన్నెలో నిలబెట్టి ఆ సొనంతా కారిపోయాకే గుజ్జు తీసేది. ఆ సొనని పారబోసేది కాదు. ఎండబెట్టి, నల్లగా గట్టిపడ్డాక ముక్కలు చేసి డబ్బాలో దాచేది. అదే మూసాంబరం. నాన్నకి కుర్చీ ఉద్యోగం, మలబద్ధకం. పొద్దున్నే కందిగింజంత ముక్క మింగేవాడు. ఆ డబ్బా అలమరలో. బెణికినచోట పట్టు వెయ్యడానికి తీసిన పచ్చి సొన గిన్నె మాత్రం గూట్లో. రెండూ ఒకే చెట్టు నుంచి, ఒకే గాటు నుంచి కారినవే. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

గోపి పుట్టి ఏడాది దాటింది. పక్కవాళ్ల పెరుగన్నం కూడా లాక్కుతినే రకం, అయినా అమ్మ పాలు వదిలేవాడు కాదు. పంపు దగ్గర కూర్చున్నా, పొయ్యి దగ్గర కూర్చున్నా వచ్చి కొంగు లాగేవాడు. వాడికి పాలంటే ఆకలి కాదు, ఆట, నిద్ర, అలక, అన్నీ. సరిగ్గా అప్పుడే అమ్మకి ఉద్యోగం వచ్చింది. అమ్మ పెళ్లికి ముందే టైపు నేర్చుకుంది. పెళ్లయ్యాక ఆ మాట ఎత్తితే అందరూ నవ్వేవారట. ఇక్కడికొచ్చాక మాత్రం, మధ్యాహ్నాలు గోపిని నాయనమ్మ దగ్గర పడుకోబెట్టి, అబిడ్స్‌లో ఒక మేడమీద టైపు ఇనిస్టిట్యూట్‌కి పోయి చేతులు మళ్లీ సాధకం చేసుకుంది. నన్ను వెంట తీసుకెళ్లేది. అబిడ్స్ అద్దాల షాపుల ముందు నడుస్తున్నప్పుడు అమ్మ ఇంట్లో నడిచినట్టు నడిచేది కాదు, చెప్పులు టకటకలాడించేది. ఆ వీధిలోనే ఒక వ్యాపారస్తుడి ఆఫీసులో టైపిస్టుగా రమ్మన్నారు, ఒకటో తారీకున చేరాలి. నాన్న ఊ అన్నాడు, అని, "పిల్లాడు పాలకోసం గుక్కపెట్టి ఏడుస్తుంటే మాత్రం నా వల్ల కాదు కామేశ్వరీ. వాడు మానేస్తే వెళ్లు" అన్నాడు. అమ్మ ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన ఉద్యోగం ఏడాది పిల్లాడి నోటి దగ్గరికొచ్చి ఆగింది.

"దానికింత ఆలోచనెందుకే అమ్మాయ్. ఒకటో తారీకు రానీ, వాడు నీ మొహం చూస్తే పారిపోయేట్టు చేస్తాను" అంది నాయనమ్మ. ఆవిడ అన్న మాట అన్నట్టే జరిగింది, అదే నాకు ఇప్పటికీ రోత.

పాలు మాన్పించడానికి మా వైపు కొందరు వేపాకు నూరి పూస్తారు. నాయనమ్మకి వేప ఆనదు. గుజ్జు కూడా చాలదంది, సొనే కావాలంది. నేనే కొన్ని మట్టలు కోసుకొచ్చాను. సొన గిన్నెలోకి కారింది, పచ్చగా, చిక్కగా, చీము రంగులో. నాయనమ్మ వేలితో తీసి అమ్మకి పూసింది, పొద్దున్నా సాయంత్రమూ. జాకెట్టుకి పచ్చటి మరకలు పడ్డాయి, ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. గది నిండా పచ్చి ఉల్లిపాయా చెమటా కలిసిన కంపు. గోపి ఎప్పటిలా వచ్చాడు, నోరు పెట్టాడు, మొహమంతా ముడుచుకుపోయింది. ఉమ్మేశాడు, ఏడ్చాడు, అమ్మ ఛాతీ మీద కొట్టాడు. ఇక రాడని అందరం అనుకున్నాం. మొండి వెధవ, మళ్లీ వచ్చాడు. కళ్లు గట్టిగా మూసుకుని, ఒళ్లు గగుర్పొడుస్తుంటే, ఆ చేదంతా చప్పరించి పాలదాకా పోయాడు. "వీడి మొండితనం తగలెయ్య" అని నాయనమ్మ ఇంకా మందంగా పూసింది. వాడు ఇంకా చప్పరించాడు.

మర్నాటికి విరేచనాలు పట్టుకున్నాయి. పళ్లొస్తున్నాయంది నాయనమ్మ. ఆ తర్వాత దిష్టంది, గది గుమ్మానికి ఇంకో కలబంద వేలాడింది. అదీ కాదు, వేడి చేసిందంది. వేడికి మా ఇంట్లో ఏమిస్తారో చెప్పక్కర్లేదు. గుజ్జు మజ్జిగలో చిలికి, ఉగ్గుగిన్నెతో నోట్లో పొయ్యడం మొదలుపెట్టింది. హడావిడిలో సొన పూర్తిగా కారనివ్వకుండా, కడగకుండా. నేను వాడి కాళ్లు పట్టుకునేదాన్ని, అమ్మ చేతులు, నాయనమ్మ ముక్కు మూసి పోసేది. ఆ చిన్న బొజ్జ గుడగుడమనడం బయటికి వినబడేది. ఒకవైపు ఇది, ఇంకోవైపు ఒకటో తారీకు దగ్గరపడుతోందని పూత మాత్రం ఆపలేదు. బొంతలు ఉతికీ ఉతికీ మేము పంపు వదలకపోతే అక్కడ జనం గొణిగారు. ఆ కంపు ఏది పిల్లాడిదో ఏది కలబందదో తెలియకుండా పోయింది. నాకు అన్నం సయించేది కాదు. పిల్లాడి కళ్లు లోపలికి పోయాయి. ఏడిస్తే నీళ్లు రావడం మానేశాయి.

తెలుసుకున్నది డాక్టరూ కాదు, ఇంకెవరూ కాదు, అమ్మే. ఆ పొద్దున నాన్న ఆఫీసుకి తయారై, అలమర డబ్బా ఖాళీగా ఉంటే, "అమ్మా, నాకు రెండు రోజుల్నుంచి కడుపు కదల్లేదు, ఆ గూట్లో పచ్చి సొన ఉందిగా, ఇంత నాలిక్కి రాసుకోనా" అన్నాడు. "పూతకి తీసినదిరా అది, ముట్టుకోకు. అదీగాక పచ్చిదయితే పొద్దస్తమానం చెంబు పట్టుకుని తిరగాలి" అంది నాయనమ్మ. అమ్మ పొయ్యి దగ్గర గోపిని భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఆ మాట విని గూట్లో గిన్నె వైపు చూసింది. తర్వాత తన జాకెట్టు మీద మరకలు చూసుకుంది. తర్వాత భుజం మీద వేలాడుతున్న పిల్లాడిని చూసింది. "అత్తయ్యా, వాడు తాగుతున్నది అదే కదా" అంది. చాలా మెల్లగా అంది. నాయనమ్మకి అర్థం కాలేదు, "ఏది" అంది. "ఇన్ని రోజులనుంచీ నా దగ్గర వాడు తాగుతున్నది అదేగా." నాయనమ్మ నోరు తెరిచి, "అది పూతమందు కదే" అంది. అనేసి పీట మీద కూలబడింది.

నాంపల్లిలోనే ఒక లేడీ డాక్టరు దవాఖాన ఉండేది. అమ్మ రిక్షా కోసం కూడా ఆగలేదు, గోపిని కొంగులో చుట్టుకుని నడిచింది, నేను వెనక పరుగెత్తాను. ఏం పెట్టారని డాక్టరు అడిగింది. నాయనమ్మ వెంట ఉంటే, ఏమీ లేదు ఆకుపసరేనని చెప్పమని దారిలోనే నాకు నూరిపోసేది. అమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది, జాకెట్టు మరక కూడా చూపించింది. డాక్టరు సూదిమందు ఇచ్చింది, ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు చెంచాలతో పట్టమంది. "అన్నిటికంటే ముందు నీ పాలివ్వు. శుభ్రంగా కడుక్కుని ఎంత తాగితే అంత ఇవ్వు. ఇప్పుడు వాడికి అదే మందు. సాయంత్రానికి ఏదీ లోపలికి పోకపోతే మళ్లీ తీసుకురా, పెద్దాసుపత్రికి పంపిస్తాను" అంది.

అమ్మ ఇంటికొచ్చి పంపు దగ్గర చాపకట్టు చాటున సబ్బుతో కడుక్కుంది. సున్నిపిండితో కడుక్కుంది. కుంకుడు రసంతో కడుక్కుంది. తోలు ఎర్రబడిపోయింది. అప్పుడు గోపిని ఒళ్లో వేసుకుని దగ్గరికి తీసుకుంది. వాడు తల తిప్పేసుకున్నాడు. అటు తిప్పితే ఇటు, ఇటు తిప్పితే అటు. ఇన్నాళ్లూ చేదుని కూడా చప్పరించిన మొండి వెధవ, పెదాలు లోపలికి బిగించుకుని, అమ్మ జాకెట్టు వైపు చూసి వణికాడు. బెల్లం రాస్తే ముట్టలేదు. ఉగ్గుగిన్నెలోకి పిండి పట్టబోతే, ఆ గిన్నె చూడగానే గుక్కపట్టాడు; దానితోనే కదా పోసింది. చెంచా నీళ్లూ ఉమ్మేశాడు. నా చెయ్యి, నాన్న చెయ్యి, నాయనమ్మ చెయ్యి, మా ఇంటి చేతులన్నీ వాడికి కలబంద చేతులే. పాలు అమ్మ చీర మీదికి కారిపోతున్నాయి. ఎదురుగా పిల్లాడు ఎండిపోతున్నాడు. అమ్మ ఏడవలేదు. "నోరు తెరవరా నాన్నా, నోరు తెరవరా" అని ఒకటే మాట అంటూ కూర్చుంది.

దేవిడీ వెనక ఒకప్పుడు గుర్రాలు కట్టిన తబేలాలో ఎల్లమ్మ వాళ్లుండేవారు. నల్లగొండ అవతల పల్లె నుంచి బతకడానికొచ్చిన మనుషులు, ఆమె భర్త స్టేషన్‌లో మూటలు మోసేవాడు. ఎల్లమ్మకి చంటిపిల్ల. బిందెతో పంపుకి వచ్చి, మా గుమ్మంలోకి తొంగిచూసింది. "ఏందక్కా, పోరడు గిట్లైండు? ఏం తాపిన్రు?" అంది. బిందె అక్కడే పెట్టి లోపలికి వచ్చింది, వేలాడే కలబందని చేత్తో పక్కకి నెట్టి. గోపి కళ్లు తెరిచి చూసి, మళ్లీ మూశాడు. "జర ఇటియ్యి అక్కా. నా కాడ పాలున్నయ్. తాగితే తాగుతడు, తాగకుంటే లేదు. చూస్తే ఏం పోతది" అంది. నాయనమ్మ పీట మీదనుంచి లేచి, "వద్దు. పరాయివాళ్ల పాలు తాగించడం మా ఇంటా వంటా లేదు" అంది. "ఇంటా వంటా ఉన్నదే తాగించిన్రు గద పెద్దమ్మా ఇన్ని దినాలు" అంది ఎల్లమ్మ. వెటకారమేమీ లేదు, ఉన్నమాట అన్నట్టు అంది. అమ్మ లేచింది. నాయనమ్మ వైపు చూడనైనా చూడకుండా పిల్లాడిని ఎల్లమ్మ చేతుల్లో పెట్టింది.

ఎల్లమ్మ మా గదిలో కూర్చోలేదు. "గీ వాసనకు నాకే కక్కొస్తుంది, పోరనికి రాదా" అని వాకిట్లోకి తీసుకుపోయి, తన తబేలా గడప మీద కూర్చుని కొంగు కప్పింది. నేను ఆమె ముందు గొంతుక్కూర్చున్నాను. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత గుటక వినబడింది. తర్వాత ఇంకో గుటక. ఎల్లమ్మ నా వైపు చూసి, "తాగుతుండు. పోయి మీ అమ్మకు చెప్పు" అంది. నేను పరుగెత్తుకెళ్లి చెప్పాను. అమ్మ గోడకి ఆనుకుని, ముందు తల ఊపి, అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు సంతోషానికి మాత్రమే కాదని నాకు ఆ వయసులోనే తెలిసింది. పొద్దు వాలేసరికి వాడు గ్లూకోజు నీళ్లు కూడా ఎల్లమ్మ చేత్తో పడితే తాగాడు. మళ్లీ పెద్దాసుపత్రి మాట రాలేదు.

ఇప్పుడు ఇదే కలబందని సబ్బుల్లో, షాంపూల్లో, మొహానికి రాసే క్రీముల్లో, ఆఖరికి చేతులు తుడుచుకునే కాగితాల్లో కూడా కలిపి అమ్ముతున్నారు. ఈమధ్య అబిడ్స్‌లో ఒక మందుల షాపులో చూశాను, బీరువా పొడుగునా ఆకుపచ్చ సీసాలే. వాసన తీసేశారు, చేదు తీసేశారు, జిగట తీసేశారు, తీసేసి నిమ్మకాయ రుచి కలిపారు. ఆ సొన తీసేస్తే ప్రమాదం లేదంటారు, కావచ్చు. చదువుకున్న పిల్లలు చెబుతున్నారు, నేను కాదనను. కానీ ఒక సంగతి. నాయనమ్మకి ఒక చెట్టు తెలుసు, సర్వరోగాలకీ అదే ఇచ్చింది. ఇప్పటి వీళ్లకి ఆ చెట్టూ తెలీదు, మట్ట ఎటునుంచి కొయ్యాలో తెలీదు, అయినా సర్వరోగాలకీ అదే తాగుతున్నారు. ఆవిడని ముసలిది, చాదస్తం అనేవాళ్లం. వీళ్లని ఏమనాలో నాకు తెలీదు. అప్పటి రోత ముక్కుకి తగిలేది, ఇప్పటిది తగలదు, అంతే తేడా. చేదున్న మందు మింగలేను, చేదు తీసేసిన మందుని నమ్మలేను. మోకాళ్లు నొస్తే నొయ్యనీ.

ఒకటో తారీకున అమ్మ ఉద్యోగంలో చేరింది. వెళ్లొద్దని నాన్న అనలేదు. అనడానికి కారణం మిగల్లేదు, పిల్లాడు అమ్మ పాలు మానేశాడు. మధ్యాహ్నాలు ఎల్లమ్మ దగ్గర తాగేవాడు, ఆమె కూతురు ఒకవైపు, వీడొకవైపు. సాయంత్రం అమ్మ వస్తే ఎదురు పరుగెత్తేవాడు, మెడ పట్టుకునేవాడు, చంకెక్కేవాడు. కొన్నాళ్లకి అన్నం కూడా అమ్మ చేత్తోనే తిన్నాడు. ఒళ్లో మాత్రం పడుకునేవాడు కాదు. పడుకోబెడితే, గట్టిగా నోరు మూసుకుని లేచిపోయేవాడు. నాయనమ్మ తన నోటితో తప్పని ఎప్పుడూ అనలేదు. "నేను చెప్పలా, మాన్పిస్తానని" అని ఒకసారి అనబోయి, అమ్మ మొహం చూసి ఆగిపోయింది.

అమ్మకి పాలు ఆగలేదు. ఆఫీసు నుంచి వచ్చేసరికి జాకెట్టు ముందంతా తడిసి, పైట రెండు మడతలు వేసి కప్పుకుని వచ్చేది. గడ్డలు కట్టి జ్వరం వచ్చేది. వచ్చీరాగానే చాపకట్టు చాటుకి పోయి, పళ్ల బిగువున గిన్నెలోకి పిండుకునేది. నేను చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడేదాన్ని. "వాడు మానేశాడే రాజ్యం. నాకే మానలేదు" అంది ఒకరోజు. ఆ గిన్నె తూములో ఒంపబోతుంటే నాయనమ్మ గుమ్మంలోంచి, "తూములో పొయ్యకమ్మా, చనుబాలు తొక్కేచోట పొయ్యకూడదు. చెట్టు మొదట్లో పొయ్యి" అంది. మర్యాదగానే అంది, ఆ మాటకొస్తే ప్రేమగానే అంది. ఎక్కడైనా అదే ఆచారం. మా ఇంట్లో ఉన్న చెట్లు ఏవి? అమ్మ గిన్నెతో డబ్బాల దగ్గరికి నడిచింది. తర్వాత వంగి, ఒక్కో డాల్డా డబ్బాలో ఇంత ఇంత పోసింది. రోజూ పోసింది, పాలు వాటంతట అవి ఆగిపోయేదాకా. ఆ వేడి సున్నపు మట్టిలో అవి విరిగి, పులిసి, ఈగలు ముసిరేవి. ఆ ఏడు కలబంద ఎన్నడూ లేనన్ని పిలకలు వేసింది. నాయనమ్మ వాటిని వేరుచేసి, గాయాలు ఆరబెట్టి, గల్లీలో చంటిపిల్లలున్న ఇళ్లన్నిటికీ తలొకటి పంచిపెట్టింది.